ముక్కు తెగిన చిలక

పద్మరాగపురం కోటకు ఏడు గుమ్మాలు. మొదటిది నల్లరాతిది, నాలుగోది ఏనుగు దంతాలు తాపడం చేసింది, ఏడోది అచ్చంగా గంధపు చెక్కతో చేసింది. ఆ ఏడో గుమ్మం దాటి అడుగు పెడితే స్ఫటిక సభ. నూట ఎనిమిది స్తంభాలూ స్ఫటికంతో మలిచినవే. పడమటి కిటికీలోంచి ఎండ పడితే ఒక స్తంభం పసుపుగా, మరోటి నారింజగా, ఇంకోటి లేత ఎరుపుగా వెలిగి, నేల మీద ఎవరో రంగుల బట్టలు ఆరబెట్టినట్టు ఉండేది. మణిశైల రాజ్యపు రాజు ఆ వెలుతురులో కూర్చుని వీణ వినేవాడు. అదంతా రెండేళ్ల కిందటి మాట.

ఇప్పుడా సింహాసనం మీద కూర్చున్నవాడు ధూమ్రజటుడు. సముద్రం అవతలి నుంచి వచ్చిన మాంత్రికుడు. రాజును చంపి కిరీటం పెట్టుకున్నాడు గాని, దాన్ని కాస్త పైకి జరిపి పెట్టుకున్నాడు. ఎందుకంటే నుదుటి మీద అతనికి పచ్చరాతి కన్ను ఒకటి ఉంది. దాని చూపు ఏ ఆయుధం మీద పడితే ఆ ఆయుధం పాము అయిపోతుంది. పట్టుకున్నవాణ్ణే కాటు వేస్తుంది. అలా చచ్చినవాళ్లను మూడు రోజులు సభలో పడుకోబెట్టి, మూడో రోజు పొద్దు గుంకగానే లేపి నిలబెడతాడు. గోడల వెంట వరసగా నిలబడ్డ శవభటులు అప్పటికి నలభై మంది. రెప్ప వెయ్యరు, అన్నం అడగరు, అతని చూపు ఎటు తిరిగితే అటు నడుస్తారు.

ఆ సభలోనే సింహాసనానికి పది అడుగుల దూరంలో ఒక రాతి పలక మీద సింగోజు పడుకుని ఉన్నాడు. పడుకున్నాడనుకుంటే మన మనసుకి బాగానే ఉంటుంది గాని, అతను చచ్చిపోయి అది మూడో రోజు. ఆ సాయంత్రం పొద్దు గుంకితే నలభై ఒకటో భటుడవుతాడు.

దాన్ని ఆపడానికి ఒక్కటే దారి. ఆ దేశంలో చనిపోయినవారి నోట్లో అయినవాళ్లు గుప్పెడు బియ్యం పోస్తారు. కడబియ్యం అంటారు దాన్ని. ఆ బియ్యం నోట్లో పడ్డ మనిషిని ఏ మంత్రమూ లేపలేదు. ఆ సంగతి ధూమ్రజటుడికీ తెలుసు. అందుకే బియ్యం తెచ్చినవాళ్లను రానిస్తాడు, కూర్చోబెడతాడు, పొద్దు గుంకేదాకా పొయ్యనివ్వడు. తమ మనిషి లేచి తమని గుర్తుపట్టకుండా పక్కనుంచి నడిచిపోతుంటే వాళ్ల మొహాలు చూడటం అతనికి వినోదం. రెండు మూడు కుటుంబాలకు ఆ శాస్తి జరిగాక అందరూ రావడం మానేశారు.

ఈసారి సింగోజు అన్న పాపోజు బయలుదేరాడు.

పాపోజు ఆ రాజ్యంలోకెల్లా పేరున్న తుపాకుల కమ్మరి. నలభై ఏళ్ల మనిషి, మాట కటువు, పనిలో పట్టుదల. తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఒక జత చేతితుపాకులు చేశారు. ఒక్కొక్కటీ ఆరు తూటాలది, జానెడు పొడవు. మీట నొక్కితే వెనకనుంచి చిన్న ఇనుప సుత్తి వచ్చి తూటా మీద పడుతుంది. బొటనవేలితో దాన్ని వెనక్కి లాగడానికి సుత్తి మీద ఒక కొమ్ము ఉంటుంది. ఆ కొమ్మును వాళ్ల కొలిమిలో చిలక తలలాగా చెక్కుతారు, చిలకముక్కు అని పిలుస్తారు. అన్న తుపాకికి తమ్ముడు, తమ్ముడి తుపాకికి అన్న చెక్కాలని ఆనవాయితీ. ఒకసారి చెక్కాక దాని మీద మళ్లీ ఆకురాయి పెట్టకూడదు. పెడితే చెక్కినవాణ్ణి కాదన్నట్టు.

పాపోజు తమ్ముడి తుపాకికి చెక్కిన ముక్కు అంత పొడవైనది అంతకు ముందు ఎవరూ చెక్కలేదు. కొస సన్నగా వంపు తిరిగి, చూసినవాళ్లు వేలు పెట్టి తడిమి చూసేవారు. ఆ వంపు కుదరడానికి అతనికి నెల పట్టింది. నెలంతా గర్వపడ్డాడు.

సింగోజు మాంత్రికుణ్ణి కాల్చడానికి బయలుదేరిన ఉదయం, తుపాకిని నడికట్టులో దోపుకుని రెండు మూడు సార్లు లాగి చూసుకున్నాడు. "అన్నా, ముక్కు కుచ్చుల్లో పట్టుకుంటోంది. కాస్త తగ్గిద్దామా?" అన్నాడు.

"ముక్కు కోసిన తుపాకి మన కొలిమి లోంచి వెళ్లిందంటే మన పేరేం కావాలి? నడికట్టు వదులుగా కట్టుకో" అన్నాడు పాపోజు.

తమ్ముడు నడికట్టు వదులుగా కట్టుకున్నాడు. అన్న మాట ఎప్పుడు కాదన్నాడు గనక?

సభలో ఏం జరిగిందో చూసిన కాపలావాడే వచ్చి చెప్పాడు. సింగోజు నడుం మీద చెయ్యి వేశాడు, లాగాడు, ముక్కు కుచ్చుల్లో ఇరుక్కుంది. రెప్పపాటు కూడా కాదు, సగం రెప్పపాటు. ఆ సగంలో పచ్చకన్ను తిరిగింది. తుపాకి పామై అతని మణికట్టు మీద కాటు వేసింది. ఇప్పుడా పాము మాంత్రికుడి పాదపీఠం దగ్గర చుట్ట చుట్టుకుని ఉంటోందట.

ఆ మాట విన్నప్పటి నుంచి పాపోజు అన్నం ముట్టలేదు. ఏడవలేదు కూడా. ఏడిచే హక్కు తనకు లేదనుకున్నాడు. మూడో రోజు పొద్దు నడినెత్తికి వచ్చాక లేచి, జతలో మిగిలిన తన తుపాకి తీసుకుని కొలిమిలో కూర్చున్నాడు. సింగోజు భార్య మైలమ కడబియ్యపు మూట తెచ్చి పక్కన పెట్టింది. మూరెడు పొడవున్న సన్నటి గోనె సంచి అది. బయటివాళ్లు ఎవరైనా కడబియ్యంలో చెయ్యి పెడితే ఆ చావు వాళ్లింటికి వస్తుందని ఆ దేశమంతా నమ్మకం. సింగోజు వెళ్లిన రోజు నుంచి ఏడు గుమ్మాల దగ్గరా ఒంటి మీద గుడ్డ విప్పించి వెతుకుతున్నారు గాని, ఆ సంచి జోలికి ఏ కాపలావాడూ రాడు.

పాపోజు తుపాకిని బియ్యంలో దూర్చి, పైకి లాగి చూశాడు. చిలకముక్కు గోనె పోగుల్లో పట్టుకుంది. సంచి మొత్తం చేతితో పాటు లేచి, దోసెడు బియ్యం నేల పాలయింది. ఇద్దరూ వంగి ఆ గింజలు ఏరారు.

అప్పుడు అతను తుపాకి విప్పి, సుత్తిని ఊడదీసి పట్టుకారులో బిగించాడు. ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు.

ఆ ముక్కు సింగోజు చెక్కింది. పదహారేళ్ల వయసులో చెక్కాడు. చిలక నోట్లో చిన్న జామకాయ ముక్క పెట్టాడు. అదేమిట్రా అంటే, ఖాళీ నోటితో ఉంటే ఆకలేసినట్టుంటుంది అన్నాడు. చిలక కన్ను ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది. పదేళ్లుగా పాపోజు బొటనవేలు ఆ ఎగుడుదిగుడు మీదే అరిగింది.

ఆకురాయి మొదటి తోపుకే జామకాయ పోయింది.

తరవాత ముక్కు పోయింది. తరవాత కళ్లు, చిన్నదీ పెద్దదీ. పాపోజు పళ్లు బిగపట్టి అరగదీస్తూనే ఉన్నాడు. కొమ్ము ఉన్న చోట బుడిపె కూడా మిగలకుండా గులకరాయి అంత నునుపు చేశాడు. రాలిన ఇనుప పొడి కింద పడకుండా అరచెయ్యి పట్టాడు. సుత్తిని మళ్లీ బిగించి, తుపాకిని బియ్యంలో దూర్చి లాగాడు. తుపాకి చేతిలోకి వచ్చేసింది. సంచి కదల్లేదు. ఒక్క గింజ కూడా రాలలేదు.

మైలమ పొయ్యి మీద పెట్టిన ఎసరు అప్పుడే మరగడం మొదలయింది. ఆమె ఎసరు వంక చూసింది, నునుపైన సుత్తి వంక చూసింది.

"ఇంతేనా బావగారూ?" అంది.

పాపోజు తల వంచుకున్నాడు.

"ఎసరు మరిగేంత సేపు. ఇంతేనా పని?"

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే భరించేవాడే. తెలియక అడిగినట్టు అడిగింది. పాపోజు అరచేతిలోని నల్లటి పొడిని కడబియ్యంలో పోసి కలిపాడు. "వాడి చిలక వాడితోనే పోనీ అమ్మా" అన్నాడు.

ఇంకో సంగతి ఆమెకు చెప్పలేదు. ముక్కు పోవడంతో సుత్తి బరువు తగ్గింది. తూటా మీద అంత గట్టిగా పడుతుందో లేదో పేల్చి చూస్తే గాని తెలియదు. పేలిస్తే ఊరంతా వినపడుతుంది. పైగా బొటనవేలితో లాగడానికి ఇక ఏమీ లేదు. మీటనే చివరిదాకా, బలం కొద్దీ నొక్కాలి. ఆ మాటలన్నీ మింగి సంచి భుజాన వేసుకున్నాడు. శవం తల పట్టుకోవడానికి ఒకరు, బియ్యం పోయడానికి ఒకరు వెళ్లాలని ఆచారం. మైలమ అతని వెనకే నడిచింది.

దుఃఖంతో చితికిపోయిన ముసలివాడిలా వేషం వెయ్యాలని పాపోజు అనుకున్నాడు. నెత్తిన బూడిద చల్లుకున్నాడు, నడుం వంచాడు, చేతులు వణికిద్దామనుకున్నాడు. మొదటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అవి వాటంతట అవే వణుకుతున్నాయి. నాలుగో గుమ్మం కాపలావాడు అతని ఒళ్లంతా తడిమి, సంచి దగ్గరికి రాగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కడబియ్యమేనా పెద్దాయనా?"

"అవును నాయనా. చూస్తావా?"

"వద్దు వద్దు. పిల్లలున్నవాణ్ణి. వెళ్లండి" అంటూ రెండడుగులు వెనక్కి జరిగాడు.

ఏడో గుమ్మం దాటారు. స్ఫటిక స్తంభాలు సాయంత్రపు ఎండకి ఎర్రబడుతున్నాయి. గోడల వెంట నలభై మంది రెప్ప వెయ్యకుండా నిలబడ్డారు. వాళ్లలో తన కొలిమికి బొగ్గులు తెచ్చే మనిషిని పాపోజు గుర్తుపట్టాడు. ఆ మనిషి గుర్తుపట్టలేదు.

"రండి రండి. మూడో రోజయినా ఎవరూ రాలేదేమా అనుకుంటున్నాను" అన్నాడు ధూమ్రజటుడు. పొగరంగు జడలు సింహాసనం మెట్ల దాకా వేలాడుతున్నాయి. పాదపీఠం దగ్గర నల్లటి పాము తల ఎత్తి, మళ్లీ వాల్చింది.

"ప్రభూ, నా తమ్ముడు. కడబియ్యం పోసుకుని తీసుకుపోతాం."

"పోద్దురు గాని. ముందు సూర్యుణ్ణి పోనివ్వండి. అలా కూర్చోండి."

మైలమ రాతి పలక దగ్గర కూర్చుని భర్త తలను ఒళ్లోకి తీసుకుంది. జుట్టు సరిచేసింది. అతని నడుముకి తను నేసిన ఎర్ర నడికట్టు అలాగే ఉంది. ఒక చోట కుచ్చులు తెగి ఉన్నాయి. పాపోజు తమ్ముడి మొహం వంక చూడటానికి భయపడి ఆ తెగిన చోటే చూస్తూ కూర్చున్నాడు. సంచి ఒళ్లో ఉంది. కుడిచెయ్యి బియ్యంలో ఉంది.

ఎండ నేల మీదనుంచి స్తంభాల మొదట్లోకి, అక్కడినుంచి నడుముల్లోకి పాకింది. పచ్చకన్ను అతన్ని వదలడం లేదు.

"ఏమిటయ్యా ఆ వణుకు? గింజలు లెక్కపెడుతున్నావా?" అని నవ్వాడు మాంత్రికుడు.

"చేతులు చల్లబడ్డాయి ప్రభూ."

"ఇంకెంతసేపు. నీ తమ్ముడే లేచి పట్టుకుంటాడు" అంటూ ధూమ్రజటుడు పొద్దు ఎంతుందో చూడటానికి పడమటి కిటికీ వైపు తల తిప్పాడు.

పాపోజు ఎదురుచూసింది ఆ తల తిరగడం కోసమే. చెయ్యి బయటికి వచ్చింది. తుపాకి చేతితో పాటు వచ్చింది. ఒక్క గింజ రాలలేదు. అతను మీటను చివరిదాకా నొక్కాడు.

సుత్తి టక్కున పడింది. తూటా పేలలేదు.

ఆ చప్పుడుకి మాంత్రికుడి తల గిర్రున తిరిగింది. పచ్చటి వెలుగు తుపాకి మీద పడింది. పాపోజు చేతిలో ఇనుము చల్లబడి, మెత్తబడి, అరచేతి కింద పొలుసులు లేచాయి. గొట్టం కొస నాలుక చాచింది. అతను కళ్లు మూసుకోలేదు. చిన్నప్పటి నుంచి సమ్మెట ఎత్తిన వేళ్లలో ఉన్న బలమంతా పెట్టి రెండోసారి నొక్కాడు.

ఈసారి పేలింది.

పచ్చకన్ను పగిలి, పెంకులు స్ఫటికపు నేల మీద గలగలా దొర్లాయి. పాపోజు చేతిలోని పొలుసులు మళ్లీ ఇనుమయ్యాయి. ధూమ్రజటుడు నుదురు పట్టుకుని పెద్దగా అరిచాడు. ఆ అరుపుకి గోడల వెంట ఉన్న నలభై మందీ ఒక్కసారి కదిలారు. దారి చూపించే కన్ను పోయింది గనక, వాళ్లకిప్పుడు చెవులే దిక్కు. అరుపు ఎటుంటే అటు చేతులు చాచి నడిచారు. తను లేపిన శవాలు తన జడలు పట్టుకునేసరికి మాంత్రికుడికి సంగతి అర్థమైంది. నోరు రెండు చేతులతో మూసుకుని, సింహాసనం వెనక్కి పాకిపోయాడు. శబ్దం ఆగింది. శవభటులు ఎక్కడివాళ్లక్కడ నిలబడి తలలు పక్కకి వంచి వినసాగారు. బయట కాపలావాళ్లు భయపడి గుమ్మాలు ఒకటొకటిగా మూసేస్తున్న చప్పుడు దూరంగా వినపడింది. కొందరు అటు నడిచారు. మిగతావాళ్లు సభ నడుమనే ఉండిపోయారు.

పాపోజు వేలు పెదవుల మీద పెట్టుకుని మైలమ వంక చూశాడు. ఆమె తల ఊపింది.

ఏ ఇంట్లోనైనా కడబియ్యం పోసేటప్పుడు ఆడవాళ్లు గుండెలు బాదుకుని ఏడుస్తారు. చచ్చినవాడి చెవికి చివరిసారి చేరేది ఆ ఏడుపేనంటారు. మైలమకు ఆ భాగ్యం కూడా లేకపోయింది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది. రెండు చేతులతో భర్త తల పట్టుకుని, దవడ మెల్లగా తెరిచింది. పాపోజు గుప్పెడు బియ్యం తీసి, చప్పుడు కాకుండా గింజ గింజగా వేశాడు. తెల్లటి గింజల మధ్య ఇనుప పొడి నల్లగా మెరిసింది. చిలక, దాని జామకాయ, చిన్న కన్ను, పెద్ద కన్ను, అన్నీ సింగోజు నోట్లోకి వెళ్లిపోయాయి. అప్పుడు గాని పాపోజు తమ్ముడి మొహం చూడలేకపోయాడు. నిద్రపోతున్న సింగోజును తెల్లవారి పనికి లేపేటప్పుడు ఎలా ఉండేవాడో అలాగే ఉన్నాడు. పాపోజు కళ్లనుంచి నీళ్లు బూడిద మీదుగా కారి గడ్డం మీదికి వచ్చాయి.

స్తంభాల తలల మీది ఎరుపు ఆరిపోయింది. పొద్దు గుంకింది.

ఇద్దరూ ఊపిరి బిగపట్టి చూశారు. సింగోజు వేలు కదల్లేదు. రెప్ప కదల్లేదు. అతను లేవకూడదనే ఇంత దూరం వచ్చారు, లేవకూడదనే దేవుళ్లందరికీ మొక్కుకున్నారు. మొక్కు ఫలించింది. అతను లేవలేదు, ఇక ఎప్పటికీ లేవడు. మైలమ ఆ మొహం వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. లోపల ఎక్కడో, తనకే తెలియకుండా, లేస్తాడేమోనని ఆశపడింది కాబోలు.

పాపోజు తమ్ముణ్ణి భుజాన వేసుకోవడానికి వంగాడు. సింహాసనం వెనక రాజులు పారిపోవడానికి కట్టిన సొరంగం ఒకటి ఉందని అతనికి తెలుసు. దాని తలుపుకి చీలలు కొట్టింది అతని తండ్రే. మాంత్రికుడు పాకింది కూడా అటే. అయినా వేరే దారి లేదు. మైలమకు సైగ చెయ్యబోయి ఆగాడు.

ఆమె చేతిలో ఏదో ఉంది. పాదపీఠం దగ్గర చుట్ట చుట్టుకున్న పాము, కన్ను పగిలినప్పుడే మళ్లీ తుపాకి అయింది. సింగోజు తుపాకి. జతలో రెండోది. మైలమ చప్పుడు కాకుండా వెళ్లి దాన్ని తెచ్చి ఒళ్లో పెట్టుకుంది. పాపోజు నెల రోజులు కష్టపడి తిప్పిన ఆ అందమైన వంపులో మూడు ఎర్ర పోగులు చిక్కుకుని ఉన్నాయి. ఆమె వడికిన పోగులు. ఆమె నేసిన కుచ్చులు.

ఆమె వాటిని విడదీయబోయింది. రాలేదు. ఇంకాస్త లాగింది. అప్పటిదాకా నోట్లో ఉన్న కొంగు జారిపోయింది, మూడు రోజుల ఏడుపు ఒక్కసారిగా బయటికి వచ్చింది. నూట ఎనిమిది స్తంభాలూ దాన్ని అందుకుని తిరిగి పలికాయి.

సభ నడుమ ఉన్న తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

నోరు మూసుకోమని చెప్పడానికి పాపోజు పెదవులు తెరిచాడు. ఆ మాట రాలేదు. ఆ ఏడుపు ఎవరి వల్ల వచ్చిందో అతనికి తెలుసు.

"ఏడువు తల్లీ" అన్నాడు. "నీ మొగుడికి వినపడేలా ఏడువు. నేనున్నాను."

తమ్ముణ్ణీ ఆమెనూ వెనక ఉంచుకుని నిలబడ్డాడు. శవభటులు చేతులు చాచి నడిచి వస్తున్నారు. అందరికన్నా ముందు బొగ్గుల మనిషి ఉన్నాడు. తుపాకిలో నాలుగు తూటాలు మిగిలాయి. పాపోజు దాన్ని ఎత్తాడు. పదేళ్ల అలవాటు కొద్దీ అతని బొటనవేలు చిలక కోసం వెతుక్కుంది. అక్కడ ఏమీ తగల్లేదు.